గరిటె లేని బంతి

అమెరికాలో, మిషిగన్‌లోని నోవై ఊళ్లో ఉన్న తెలుగు ఇళ్లలో ఏ ఒక్కటీ భాస్కర్‌కి కడుపు నిండా అన్నం పెట్టలేకపోయింది. ఇందులో నోవై వాళ్ల తప్పేమీ లేదు. పిలిచారు, బతిమాలారు, ఒకరిద్దరు భుజాలు పట్టుకుని కుర్చీలో కూలబెట్టారు కూడా. మనిషి కూర్చుంటే కదా పెట్టేది.

గుడిలో అన్నదానమైనా, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతమైనా, బేస్‌మెంట్‌లో పసిపిల్ల మొదటి పుట్టినరోజైనా, భాస్కర్ గుమ్మంలో బూట్లు విప్పేటప్పటికే చూపు ఇంటివాళ్ల మీద ఉండదు. వంటింటి గట్టు మీద రేకు మూతలు కప్పి ఉన్న ట్రేల మీద ఉంటుంది. చొక్కా చేతులు మోచేతి దాకా మడుస్తాడు. "గరిటె ఎక్కడండీ" అంటాడు. అంతే, ఆ గరిటె మళ్లీ కింద పెట్టేది ఆఖరి బంతి లేచిన తర్వాతే. అప్పటికి పులిహోరలో మిగిలేది మిరపకాయలు, చారులో మిగిలేది కరివేపాకు. వాటినే ఒక పేపర్ ప్లేటులో వేసుకుని, సింకు పక్కన నిలబడి నాలుగు ముద్దలు తిని, "వంట బ్రహ్మాండం" అంటాడు. తినని వంటని అంత మనసారా మెచ్చుకోగలిగినవాడు మిషిగన్ మొత్తం మీద ఇంకొకడు ఉండడు.

ఉద్యోగం చూస్తే కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో. నొక్కినప్పుడు బ్రేకు కీచుమనకుండా చూడటం అతని పని. అంటే పొద్దస్తమానం ఒక చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం. ఆ చెవి వడ్డనలో కూడా పనికొస్తుందని స్నేహితుల ఎకసెక్కం. హాలుకి ఆ మూల ఎవరైనా అప్పడం విరిస్తే, ఆ చప్పుడుని బట్టి వాళ్ల ప్లేటులో పప్పు అయిపోయిందో లేదో చెప్పేస్తాడట.

వడ్డనలో అతనికి ఒక మడి ఉంది. గరిటె తినేవాళ్ల ప్లేటుకి తగలకూడదు. తగిలిందా, ఎంగిలే. ఒక కార్తీకమాసం పిక్నిక్‌లో పేరున్న డాక్టరుగారొకరు ఆకలి మీద ఉండి, తను తింటున్న చెంచాతోనే ట్రేలోంచి పులిహోర తీసుకున్నారు. భాస్కర్ నవ్వుతూనే ఆ ట్రే మొత్తం ఎత్తి పక్కన పెట్టించేశాడు. డాక్టరుగారు ఆ తర్వాత చాలాకాలం భాస్కర్‌తో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, ఆయన బంతిలో కూర్చున్న ప్రతిసారీ భాస్కర్ ఆయనకి వంకాయకూర రెండోసారి అడిగి మరీ వేశాడు.

ఈ గుణం వాళ్ల నాన్నది. వాళ్ల ఊరు మార్టేరులో ఎవరింట పెళ్లి జరిగినా వడ్డనకి ఆయనే పెద్ద. విస్తరి ముందు మనిషి ఖాళీగా కూర్చుని ఉంటే మనకి కూర్చునే హక్కు లేదురా అని ఆయన అన్న మాట భాస్కర్ సూట్‌కేసులో ఆవకాయ జాడీతో పాటే అమెరికా వచ్చింది. జాడీ ఎప్పుడో ఖాళీ అయింది. మాట మాత్రం అలాగే ఉంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. వడ్డించేవాడు మరీ మనవాడే అయిపోతే మన పక్కన కూర్చునేది ఎవరో సామెత చెప్పలేదు. అతని భార్య రేణు, కూతురు ప్రణవి ఏ ఫంక్షన్‌కి వెళ్లినా మూడు కుర్చీలు పట్టుకునేవాళ్లు. మధ్య కుర్చీలో చలికోట్లు కూర్చునేవి. ప్రణవి చిన్నప్పుడు ప్లేటు ముందు పెట్టుకుని తండ్రి కోసం మెడ చాచి చూస్తుంటే రేణు ప్రతిసారీ ఒకటే మాట అనేది. "నువ్వు తినమ్మా. నాన్న వడ్డించి వస్తార్లే." ఆ నాన్న వడ్డిస్తూ వీళ్ల దాకా వచ్చేవాడు. కూతురి ప్లేటులో అందరికంటే పెద్ద గులాబ్‌జామ్ వేసేవాడు, కన్ను గీటేవాడు, పక్క ప్లేటుకి వెళ్లిపోయేవాడు.

ఆ ప్రణవికి మొన్న మార్చిలో పదిహేడు నిండాయి. పుట్టినరోజుకి వారం ముందు సోఫాలో కూర్చుని ఫోన్‌లో పాత ఫొటోలు తిప్పుతూ నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటా నవ్వు అని భాస్కర్ వంగి చూశాడు. కేకు ముందు ప్రణవి, పక్కన రేణు, ఫొటో అంచున ఒక మోచెయ్యి. ఇంకో ఏడు, ఇంకో కేకు, అదే మోచెయ్యి. ఒకదాంట్లో మాత్రం మోచేతికి గరిటె కూడా ఉంది.

"నాన్నా, ఇది నువ్వు," అంది మోచేతిని వేలితో పెద్దది చేసి చూపిస్తూ. "ఈ ఇయర్ నాకు పార్టీ వద్దు. ఒకటే గిఫ్ట్ కావాలి."

కారేమోనని భాస్కర్ గుండె ఒకసారి జారింది.

"నువ్వు నాతో ఒక ఫుల్ మీల్ తినాలి. కూర్చొని. స్టార్టింగ్ నుంచి ఎండ్ వరకు. లేవకూడదు."

"ఓస్, ఇంతేనా. రోజూ తింటూనే ఉన్నాంగా."

"నో నాన్నా. ఇంట్లో నేను తింటా, నువ్వు దోశలు వేస్తావు. లేకపోతే మిడిల్‌లో నెయ్యి కోసం వెళ్తావు. నేను సీరియస్‌గా అడుగుతున్నా."

నవ్వుతూనే అడిగింది గానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. అది చూసి భాస్కర్ కూడా నవ్వడం మానేశాడు. లేవనని మాట ఇచ్చాడు. ఇచ్చాక భయం పట్టుకుంది. పెళ్లిపీటల మీద కూడా పురోహితుడు రెండుసార్లు కూర్చోబెట్టిన మనిషి అతను.

హోటల్ కూడా ప్రణవే ఎంచింది. పరుపుల షాపుకీ టైర్ల షాపుకీ మధ్య ఈమధ్యే తెరిచిన జపనీస్ చెయిన్ హోటల్. స్నేహితులతో రెండు మూడుసార్లు వెళ్లింది. "అక్కడ నీకు సర్వ్ చెయ్యడానికి ఏమీ ఉండదు నాన్నా. ఫుడ్ దానంతట అదే వస్తుంది," అంది. బ్రేకుల ఇంజనీరు కూతురు మరి, తండ్రికి బ్రేకు ఎక్కడ వెయ్యాలో ఆలోచించే పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లారు. పార్కింగ్ లాట్ అంచుల్లో పాత మంచు నల్లగా గడ్డకట్టి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే భాస్కర్ అలవాటు ప్రకారం వంటిల్లు ఎక్కడా అని వెతికాడు. గోడ తప్ప ఏమీ కనబడలేదు. గోడలో ఒక కన్నం, ఆ కన్నంలోంచి ఒక బెల్టు. ఆ బెల్టు టేబుళ్లన్నిటి పక్కనుంచీ మెల్లగా వంకరలు తిరుగుతూ పోయి మళ్లీ కన్నంలోకే దూరుతోంది. దాని మీద పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ మూతల కింద చిన్న చిన్న పళ్లేలు. నచ్చింది కనబడితే మూత ఎత్తి తీసుకోవచ్చు, లేకపోతే పోనివ్వచ్చు. అందులో లేనిది కావాలంటే టేబుల్ దగ్గరున్న టాబ్లెట్‌లో బొమ్మ మీద నొక్కితే చాలు, పైనున్న ఇంకో పట్టీ మీద రయ్యిమని వచ్చి సరిగ్గా మన ముందే ఆగుతుంది. మంచినీళ్లు తెచ్చేది రోబో.

భాస్కర్‌కి ఆ బెల్టుని చూస్తే జాలేసింది. ఎవరినీ పలకరించదు, ఇంకొంచెం అని అడగదు, ఎవరి ముందూ ఒక క్షణం ఆగదు. మొహమాటస్తులైతే పస్తులుండిపోరూ అనుకున్నాడు.

ప్రణవి తండ్రిని బెల్టు పక్కన లోపలి వైపు కూర్చోబెట్టి, తను నడవ వైపు అడ్డంగా కూర్చుంది. రేణు ఎదురుగా కూర్చుంది. కూర్చున్నాక ప్రణవి చెయ్యి చాచింది.

"జేబులో ఏముందో ఇచ్చెయ్యి నాన్నా."

భాస్కర్ కాసేపు అమాయకంగా చూసి, కోటు జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీశాడు. కందిపొడి.

"రైస్ వస్తుందేమోనని," అన్నాడు.

"ఇద్దరికి సరిపడా తెచ్చారా, హోటల్ మొత్తానికి తెచ్చారా?" అంది రేణు. ప్రణవి డబ్బా లాక్కుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది.

ఇంతలో రోబో పాట పాడుకుంటూ నీళ్లు తెచ్చింది. భాస్కర్ కూతురి మీద నుంచి వంగి మూడు గ్లాసులూ ఒక్క చేత్తో అందుకోబోయాడు. "నాన్నా," అంది ప్రణవి. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, కనీసం రోబోకి థాంక్స్ చెప్పాడు. చేతులు లేకుండా వడ్డన చేస్తోంది పాపం, తోటివాడిగా ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి.

మొదట్లో బాగానే జరిగింది. భాస్కరూ రేణూ శాకాహారులు, ప్రణవికి బయట రొయ్యలు పర్వాలేదు. కీరాముక్క పెట్టి చుట్టిన అన్నం, అవకాడో పెట్టి చుట్టిన అన్నం, ఉప్పు జల్లి ఉడికించిన పచ్చి సోయాకాయలు, చిలగడదుంప బజ్జీ. బజ్జీలో శనగపిండి లేదన్నమాటే గానీ రుచికి వంక పెట్టడానికి లేదు. కూర్చున్నచోటి నుంచే భాస్కర్ బెల్టు మీదవి అందుకుని రేణు ముందు రెండు, ప్రణవి ముందు రెండు పెట్టేశాడు. లేవకూడదన్నారు గానీ చెయ్యి చాచకూడదనలేదుగా. మూడో పళ్లెం కూతురి ముందు పెట్టబోతుంటే ఆ పిల్ల దాన్ని తిప్పి అతని ముందుకే నెట్టింది.

"ఇది నీది. తిను."

తిన్నాడు. కూర్చుని తింటే నోట్లో ఉన్నది ఏమిటో తెలుస్తుందని కొత్తగా తెలుసుకున్నాడు. ప్రణవి స్కూల్ కబుర్లు చెప్పింది. కెమిస్ట్రీ టీచరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని క్లాసంతా వెతికించిన సంగతి చెబుతుంటే, భాస్కర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. రేణు తినడం ఆపి ఇద్దరినీ చూసింది. ఎప్పుడూ ఖాళీగా ఉండే కుర్చీలో మనిషి ఉన్నాడు. రేణు ముఖంలో సంతోషం దాగలేదు.

అప్పుడు పడింది భాస్కర్ చెవిలో, పక్క టేబుల్ నుంచి.

"గివన్నీ చేపలేనా ఏంది? ఏది ముట్టుకోవాల్నో ఏందో."

"ముట్టుకుంటే ఏమన్న అంటరేమో. వాడు వచ్చేదాంక మంచినీళ్లు తాగుదాం తియ్."

బెల్టు వీళ్లని దాటాక చేరేది ఆ టేబుల్‌కే. మధ్యలో ఉన్న పొట్టి గోడ మీంచి భాస్కర్‌కి వాళ్లు నిండుగా కనబడుతున్నారు. మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన. నేత చీర మీద లావుపాటి కోటు, కాళ్లకి తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ. వాళ్లని అక్కడ దింపిన కొడుకు కిటికీ అవతల పార్కింగ్ లాట్‌లో చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, చలిలో అటూ ఇటూ తిరుగుతూ ఆఫీసువాళ్లెవరికో సాఫ్ట్‌వేర్‌లో ఏం పాడైందో చెబుతున్నాడు. ఇద్దరి ముందూ రెండు నీళ్ల గ్లాసులు తప్ప ఏమీ లేవు. బెల్టు మీద ఒక్కో పళ్లెం వస్తున్నప్పుడల్లా ఆవిడ ఆశగా వంగి చూస్తోంది, మూత కింద ఎర్రటి చేపముక్క కనబడగానే చీరకొంగు దగ్గరికి లాక్కుని వెనక్కి జరుగుతోంది. పెద్దాయన మర్యాదగా గుక్క గుక్కగా నీళ్లు తాగుతున్నాడు.

విస్తరి ముందు మనుషులు ఖాళీగా కూర్చుని ఉన్నారు. భాస్కర్ నడుము దానంతట అదే నాలుగంగుళాలు పైకి లేచింది. పక్కన ప్రణవి భుజం తగిలింది. మళ్లీ కూర్చున్నాడు.

"నాన్నా, నేను ఇప్పుడు ఏం చెప్పాను?"

"అదే, మీ కెమిస్ట్రీ టీచరు..."

"అది ఎప్పుడో అయిపోయింది. మా స్కూల్ ప్రామ్ డాన్స్ గురించి చెప్తున్నా."

తప్పు తనదే. తెలుస్తూనే ఉంది. "సారీ తల్లీ, చెప్పు," అని కళ్లు కూతురి మీద పెట్టాడు. చెవులు మాత్రం పక్క టేబుల్ దగ్గరే ఉండిపోయాయి. పెద్దాయన గ్లాసులో నీళ్లు అడుగంటి ఆఖరి గుక్క చప్పుడైంది. ఆ చప్పుడు బ్రేకు కీచుమన్నట్టే వినబడింది అతనికి.

ఒకపక్క మాట, ఒకపక్క ఆకలితో ఉన్న మనుషులు. ముందు నుయ్యి వెనక గొయ్యి. సరిగ్గా ఆ సమయంలో అతని చూపు బెల్టు మీద పడింది. ఇది ఇక్కణ్ణుంచి నేరుగా వాళ్ల దగ్గరికే పోతోంది కదా. లేవకుండా వడ్డించే మార్గం దేవుడే చూపించాడు, ఇది కదిలే బంతి, అంతే. చిన్నగా టాబ్లెట్ తనవైపు తిప్పుకుని, ఆకు గుర్తున్న బొమ్మలు చూసి కీరా చుట్టలూ, చిలగడదుంప బజ్జీ నొక్కాడు. రయ్యిమని వచ్చాయి. ప్రణవి సోయాకాయ ఒలుచుకునే లోపల రెండు పళ్లేలూ తీసి, మూతల మధ్య ఖాళీ చూసుకుని, కింది బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి పెట్టేశాడు. పెట్టి, గోడ మీంచి తల చాచాడు.

"మాస్టారూ, అవి తీసుకోండి. శాకాహారమే."

పెద్దాయన ఉలిక్కిపడి తిరిగి చూశాడు. తెలుగు వినేసరికి ముఖం విప్పారింది. చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం పూర్తయ్యేలోగా మొదటి పళ్లెం ఆయన్ని దాటిపోయింది.

"తీసుకోండి, తీసుకోండి," అన్నాడు భాస్కర్.

"ఆగనియ్యండి సార్," అన్నాడు పెద్దాయన, బస్సు కోసం నిలబడ్డవాడిలా రెండు చేతులూ సిద్ధం చేసుకుని. అది ఆగలేదు. రెండో పళ్లెం కూడా ఆయన వేళ్ల పక్కనుంచే హుందాగా సాగిపోయింది. రెండూ మూతలు లేకుండా, ఊరేగింపులో ఉత్సవ విగ్రహాల్లా హోటలంతా తిరగడం మొదలుపెట్టాయి. దూరంగా ఒక టేబుల్ దగ్గర ఎవరో అమెరికన్ పెద్దమనిషి వాటివైపు అనుమానంగా చూసి, చెయ్యెత్తి వెయిట్రెస్‌ని పిలిచాడు.

ఆ అమ్మాయి చేతికి గ్లోవ్స్ తొడుక్కుని రెండు పళ్లేలూ తీసుకుని నేరుగా భాస్కర్ దగ్గరికే వచ్చింది. ఒకసారి బయటికి తీసిన పళ్లెం మళ్లీ బెల్టు మీద పెట్టకూడదని, అది మిగతావాళ్లందరూ తినేది కదా అని, ఇప్పుడు ఇవి పారెయ్యాల్సిందేనని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా చెప్పింది. అచ్చం నవ్వుతూ పులిహోర ట్రే ఎత్తించేసినవాడి మర్యాదే.

భాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. తను మూతి దగ్గర పెట్టుకోలేదనీ, అంచు మాత్రమే పట్టుకున్నాననీ చెబుదామనుకున్నాడు. ఆ రోజు డాక్టరుగారు కూడా ఇలాగే, చెంచా అంచు మాత్రమే తగిలిందని చెప్పబోయారు.

"నాన్నా," అంది ప్రణవి నెమ్మదిగా, "నువ్వు ఎంగిలి చేశావు."

రేణు పేపర్ న్యాప్‌కిన్ మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "ఆ డాక్టరుగారికి ఈ సంగతి తెలిస్తే ఇవాళ్టితో బీపీ మందులు మానేస్తారు," అంది. ప్రణవి కూడా నవ్వుతూ తండ్రి వైపు తిరిగింది. తిరిగి, ఆపేసింది.

భాస్కర్ నవ్వడం లేదు. తన పరువు పోయిందని కూడా కాదు. గోడ అవతల పెద్దావిడ, తమ మూలంగానే ఎవరికో చివాట్లు పడ్డాయని అర్థమై, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది. ఇక ఆవిడ బెల్టు వైపు కూడా చూడటం లేదు.

"ప్రణూ, ఒక్క నిమిషం. వాళ్లకి ఏదేమిటో చెప్పేసి వచ్చేస్తాను."

"నువ్వు ప్రామిస్ చేశావు."

"చేశాను," అన్నాడు భాస్కర్. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికో చెబుతున్నట్టు, "పెద్దవాళ్లమ్మా. ఆకలిగా ఉన్నారు," అన్నాడు.

ప్రణవి పక్క టేబుల్ వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. గట్టిగా ఊపిరి వదిలి, బ్యాగ్‌లోంచి స్టీలు డబ్బా తీసింది.

"నువ్వు కూర్చో. నేను వెళ్తా."

వెళ్లి వాళ్ల ముందు నిలబడి నమస్తే పెట్టింది. "అంకుల్, ఆంటీ, నేను ప్రణవి. మీకు వెజ్ కావాలి కదా? నేను చూపిస్తా," అంది తన అమెరికా మెలిక తిరిగిన తెలుగులో. ఆయన పేరు పాపయ్య అని, ఆవిడ లీలావతి అని వాళ్లు చెప్పుకున్నారు. టాబ్లెట్ నొక్కి ఏది ఏమిటో బొమ్మలు చూపించింది. వచ్చినవి వచ్చినట్టు అందుకుని ఇద్దరి ముందూ పెట్టింది. సోయాకాయ ఎలా నొక్కితే గింజ బయటికొస్తుందో చూపిస్తే, అది ఎగిరి పాపయ్యగారి మంకీ క్యాప్‌కి తగిలింది. ముగ్గురూ నవ్వుకున్నారు. చివరికి రెండు గిన్నెల తెల్లన్నం తెప్పించి, డబ్బా మూత తీసి, చెంచాతో కందిపొడి వేసింది.

"ఇంకొంచెం, ఆంటీ? కొంచెమే. పర్వాలేదు, వేసుకోండి."

వేస్తున్నప్పుడు మెడ ఒక పక్కకి వంచింది. చెంచా గిన్నెకి తగలకుండా ఎత్తులోంచే దులిపింది. భాస్కర్‌కి ఒళ్లు ఝల్లుమంది. ఆ మెడ వంపు తనది. దానికి ముందు మార్టేరులో వాళ్ల నాన్నది. ఎవరూ నేర్పలేదు, కుర్చీలో కూర్చుని చూసి చూసి నేర్చుకుంది.

నడవ వైపు ఇప్పుడు దారి ఖాళీగా ఉంది. లేవాలంటే లేవచ్చు. భాస్కర్ లేవలేదు. ఇచ్చిన మాట అలా ఉంచి, ఆ పిల్ల చేస్తున్న వడ్డనలో వేలు పెట్టాల్సిన అవసరం ఏమీ కనబడలేదు.

అంతలో టాబ్లెట్ మోగి, ప్రణవి ఇందాక తండ్రికోసం చెప్పిన బజ్జీ వేడివేడిగా వచ్చి ముందు ఆగింది. రేణు దాన్ని దింపి అతని ముందు పెట్టింది. తను ఒక కీరా చుట్ట నోట్లో వేసుకుంటూ, తలెత్తకుండానే అంది.

"మీరు తినండి. అది వడ్డించి వస్తుందిలే."

దెప్పడానికి అన్నది కాదు. ఎన్నో ఏళ్లుగా అనీ అనీ ఆ మాట నోట్లో అరిగిపోయి ఉంది, సమయం రాగానే దానంతట అదే జారి పడింది. అన్నాక రేణుకే వినబడింది. నమలడం ఆపి భర్త వైపు చూసింది. భాస్కర్ చేతిలో బజ్జీ ముక్క అలాగే ఉండిపోయింది.

ఆ మాట అతను వినని మాటేమీ కాదు. చేతిలో గరిటెతో, వాళ్ల వీపు వెనకగా వెళ్తూ ఎన్నోసార్లు విన్నాడు. అప్పుడు అది తీపి కబురులాగే ఉండేది. నా కూతురు తింటోంది, నా భార్య చూసుకుంటోంది, ఇక మిగతా లోకానికి నేను పెట్టొచ్చు. కుర్చీలో కూర్చుని వింటే అది వేరే మాటలా ఉంది.

ముక్క పళ్లెంలో పెట్టేశాడు. పక్కన ప్రణవి చోటు చూశాడు. ముడుచుకున్న కోటు, బోర్లించిన ఫోన్, సగం ఒలిచిన సోయాకాయ. బజ్జీ చల్లారకుండా దాని మీద ఖాళీ పళ్లెం ఒకటి బోర్లించాడు. తినాలనిపించలేదు. బెల్టు మీద పళ్లేలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కటీ తియ్యలేదు.

పార్కింగ్ లాట్‌లోంచి ఆ కొడుకు చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చాడు. తల్లిదండ్రులు తింటూ ఉండటం చూసి, ప్రణవికి నాలుగుసార్లు సారీలు, అయిదుసార్లు థాంక్సులు చెప్పాడు. ఇక వచ్చేస్తుందని భాస్కర్ సర్దుకుని కూర్చున్నాడు. రాలేదు. లీలావతిగారు ఆ పిల్ల చెయ్యి పట్టేసుకుంది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"నోవై, ఆంటీ."

"గది గాదు బిడ్డా, మీ అసలు ఊరు."

"నాన్నది మార్టేరు. అమ్మది..."

మార్టేరు ఎక్కడుందో పాపయ్యగారికి కావాలి. అక్కణ్ణుంచి చదువు, చదువు నుంచి వాళ్ల మనవరాలు, మనవరాలి నుంచి మోకాళ్ల నొప్పులు. భాస్కర్ మెడ చాచి చూశాడు. ఇంక వదలొచ్చుగా ఆ పిల్లని అనుకున్నాడు. తిండి దొరికిందిగా, కొడుకు వచ్చాడుగా, పుట్టినరోజు పిల్ల అన్నం మధ్యలో లేచి వచ్చిందన్న ఇంగితం ఉండక్కర్లేదా. కాసేపటి క్రితం ఎవరి కోసం ప్రాణం విలవిల్లాడిందో ఆ పుణ్యదంపతుల మీదే ఇప్పుడు కోపం ముంచుకొచ్చింది. అలా వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

చివరికి ప్రణవి వచ్చింది, ఖాళీ డబ్బా ఊపుకుంటూ. కూర్చుని, బోర్లించిన పళ్లెం ఎత్తి చూసింది.

"నువ్వు తినలేదా?"

"నీ కోసం ఆగాను."

"ఎందుకు నాన్నా? అంతా కోల్డ్ అయిపోయింది."

ఇందాక వదిలేసిన సోయాకాయని ఆ పిల్ల మళ్లీ చేతిలోకి తీసుకుని ఒలుచుకుంటుంటే భాస్కర్ చూశాడు.

"చిన్నప్పుడు నువ్వూ ఇలాగే ఆగేదానివా?"

ప్రణవి ఆలోచించింది. "ఫస్ట్‌లో ఆగేదాన్ని," అంది. గింజ నోట్లో వేసుకుంది. "తర్వాత స్టాప్ చేశాను."

అందులో నిష్ఠూరం లేదు. ఫలానా ఏడు సైకిల్ తొక్కడం వచ్చిందన్నట్టు చెప్పింది. నిష్ఠూరమే ఉంటే భాస్కర్‌కి కాస్త తేలిగ్గా ఉండేది, ఏదో ఒకటి సర్దిచెప్పేవాడు. రేణు కిటికీలోంచి బయటి మంచు వైపు చూస్తూ ఉండిపోయింది.

బంతిలో ఎవరి మొహం చిన్నబోయినా భాస్కర్‌కి తెలిసిన మాట ఒక్కటే, ఇంకొంచెం వెయ్యనా అని. ఆ మాట ఇప్పుడు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. కూతురి ముందున్న పళ్లేన్ని సర్దబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, తన పళ్లెం తన ముందుకి లాక్కున్నాడు. చల్లారి మెత్తబడిన చిలగడదుంప ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

"ప్రామ్ అన్నావు," అన్నాడు. "మొదట్నుంచి చెప్పు."

"మొత్తమా? చాలా లాంగ్ స్టోరీ నాన్నా."

"చెప్పు. నాకేం పనుంది?"

ప్రణవి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రోబో మళ్లీ నీళ్లు తెచ్చి, నడవలో నిలబడి పాట పాడింది. ఎవరూ అటు తిరగలేదు. ఇంకోసారి పాడి చూసి, దాని దారిన అది వెళ్లిపోయింది.